ఎడమది, కుడిది

జనవరి 9

అక్కా,

చేరాను. పెట్టె తాళం విరిగింది, నేను మాత్రం ఒక్క ముక్కగానే దిగాను.

గది ఒక సైకిల్ షాపు మీద. పొద్దున్నే కింద గాలి పంపు కొట్టే చప్పుడుకి మెలకువ వస్తుంది. మొదటి రోజు ఎవరో పెద్దాయన ఆయాసపడుతున్నాడనుకుని గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తాను కూడా. సైకిల్ షాపాయన ఆ నీళ్ళు తాగి, "రోజూ ఇస్తావామ్మా?" అని అడిగాడు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. చెయ్యి చాపితే అందుతుంది. వాళ్ళింట్లో ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం లేదో నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఇక ఆఫీసు. పడవలు కట్టే యార్డు గేటు పక్కన మేడమీద డ్రాయింగు గది. నాతో కలిపి నలుగురం, మిగతా ముగ్గురూ మగవాళ్ళు. మా పెద్దాయన చంకలో స్కేలు లేకుండా కనబడరు, అందుకని నేను స్కేలు మాస్టారని పేరు పెట్టాను. "గీయడం వచ్చా అమ్మాయ్, మార్కులే వచ్చాయా?" అన్నారు వచ్చీ రాగానే. నేను మన జంట పడవ బొమ్మ బల్ల మీద పరిచాను. చాలాసేపు చూసి, "ఎవరికోసం ఇది?" అన్నారు. "నాకూ మా అక్కకీ" అన్నాను. వెనకనుంచి ఒకడు, "ఆడవాళ్ళిద్దరూ అందులో ఎక్కడికి పోతారట?" అన్నాడు. "మా బావ లాంచీ నడుపుతాడు, నిన్ను ఎక్కడ దించమంటావో చెప్పు, ముందు నువ్వు పో" అన్నాను. ఆ పూటకి గదిలో పెన్సిళ్ళ చప్పుడే.

అసలు సంగతి చెప్పలేదు కదూ. యార్డు మేస్త్రి రంగుల గోదాము వెనక రేకుల కింద చోటిచ్చాడు! కాబట్టి మన ఒప్పందం ఖాయం. నీ షెడ్డులో ఒక్కటే పడుతుంది గనక ఎడమది నీది, కుడిది నాది. ఒంపులకి నువ్వు కోసిన చెక్క ఫర్మాలు ఒకటే, కొలతలు ఒకటే. అక్టోబరులో సముద్రం నెమ్మదించాక నాది లారీ మీద తెస్తాను. ఇసుకలో రెంటినీ పక్కపక్కన పెట్టి, అడ్డదూలాలు బిగించి, తెరచాప ఎత్తి, దీపస్తంభం రాయి చుట్టూ తిరిగి రావాలి. మనమిద్దరమే. నాన్న కాలం నుంచీ ఊళ్ళో వాళ్ళందరికీ పడవలు కట్టాం. ఒక్కటి మనకి.

ఇక్కడ అందరూ దీన్ని 'కాటమరాన్' అంటారు, మూతి ఒక పక్కకి తిప్పి. అది దీవులవాళ్ళ మాటని ఆ వెనక కూర్చున్నవాడి వాదన. నిఘంటువు తెచ్చి వాడి ముక్కు కింద పెట్టాను. తమిళంలో కట్టుమరం, మనకి కట్టుమాను. కట్టిన దుంగలు, అంతే. దుంగలు పక్కపక్కన పేర్చి తాడేసి బిగించుకుని చేపలకి పోయేవాళ్ళ తెప్ప. ఓడలెక్కి వచ్చిన తెల్లవాళ్ళు ఆ మాటని పట్టుకుపోయి, మరెక్కడో సముద్రంలో రెండు పడవలు జంటచేసి తిరిగే వాళ్ళ పడవకి తగిలించారు. పేరు ఒకరిది, పడవ ఇంకొకరిది. ఇప్పుడేమో పెద్ద డబ్బున్నవాళ్ళు కొనుక్కునే సరుకైంది. తాడూ లేదు, దుంగా లేదు, పేరు మాత్రం మిగిలింది.

ఎడమదాని ఫోటో పంపు. పక్కన నువ్వు లేకపోయినా ఫర్వాలేదు.

గాలిపటం


జనవరి 27

ఏమే గాలిపటం,

నీ ఉత్తరం బావ రేవు ఆఫీసులోనే చింపి చదివేశాడు. నాకిచ్చేటప్పటికి జవాబు కూడా తయారుగా ఉంది: ఆ వెనక కూర్చున్నవాడికి టికెట్టు అక్కర్లేదని రాయమన్నాడు. రాశాను. మొన్న నువ్వు రేవు ఆఫీసుకి ఫోన్ చేశావట. ఆ పని మళ్ళీ చెయ్యకు. ఆ ఫోనులో మాట్లాడితే లాంచీ ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ ఆగి వింటారు. నువ్వు పళ్ళు సరిగా తోముకుంటున్నావా అని కూరగాయలావిడ నన్నడిగింది.

ఎడమదానికి పక్కటెముకలు నిలబెట్టాను. వరసగా నిలబడి ఉంటే ఏదో పెద్ద చేప భోంచేసి వదిలేసినట్టుంది. పలకలు తడిసి వచ్చాయి, ఆరేదాకా ఆగాలి.

కట్టుమాను అని నాన్న కూడా అనేవాడు. నీకప్పటికి మాటలు రాలేదు. ఆ తెప్పలవాళ్ళు చేపల నుంచి రాగానే తాళ్ళు విప్పేసి దుంగల్ని వేటికవి ఇసుకలో ఆరేస్తారు, లేకపోతే నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి. తెల్లారి మళ్ళీ కడతారు. రోజూ విప్పడం, రోజూ కట్టడం. విసుగు రాదా అంటే, కట్టడం రానివాడికి వస్తుంది అనేవాడు నాన్న. అందుకే చెప్తున్నాను, మన అడ్డదూలాలకి నువ్వు గీసిన బోల్టులొద్దు. తాడుతో కడదాం. రెండు పడవలూ ఒక్కసారే కెరటం ఎక్కవు. ఇది లేస్తుంటే అది దిగుతుంటుంది. తాడైతే కాస్త ఆట ఉంటుంది. బోల్టు బిగిస్తే ఎక్కడో ఒకచోట చీలుతుంది.

కాలేజీలో ఏం చెప్పారో అదీ రాయి. రాసి, నేను చెప్పింది ఒప్పుకో.

పెద్దమేస్త్రి


ఫిబ్రవరి 20

పెద్దమేస్త్రిగారికి చిన్నమేస్త్రి దండాలు.

ఒప్పుకోను. ఆట ఉన్నది ఏదైనా వదులవుతుంది. వదులైన పడవలో నేను దీపస్తంభం దాకా రాను, ఈత నీకు వచ్చు, నాకు రాదు. బోల్టుల కింద రబ్బరు బిళ్ళలు వేద్దాం. అదే నీ ఆట, అదే నా బిగింపు. స్కేలు మాస్టారిని మధ్యవర్తిగా అడిగాను. "మీ అక్కకి ఏ పనిముట్టు దగ్గర్లో ఉంటుంది?" అన్నారు. "సుత్తి" అన్నాను. "అయితే మీ అక్కే రైటు" అన్నారు.

కుడిదానికి సగం దాకా పలకలు కొట్టాను. సాయంత్రం ఆఫీసు దిగి నేరుగా రేకుల కిందికే. చేతుల నిండా జిగురు. బస్సులో కండక్టరు టికెట్టు నా అరచేతికే అంటిస్తున్నాడు. యార్డు మేస్త్రి రోజూ ఒకసారి వచ్చి దీని చుట్టూ తిరిగి పెదవి విరుస్తాడు. "ఇదేం పడవమ్మా, కత్తిలా ఉంది. నీళ్ళలో వేస్తే పక్కకి ఒరిగి పడుకుంటుంది" అన్నాడు నిన్న. "దానికో అక్క ఉంది లెండి" అన్నాను.

ఓనరు కూడా వచ్చాడు. ఆయన వస్తే ముందు సెంటు వాసన వస్తుంది, తర్వాత చెప్పులు, ఆ తర్వాత ఆయన. పడవ ముక్కు నిమిరి, "బాగా వచ్చింది. నాకిస్తావా?" అన్నాడు. కొత్తరకం చిన్న జంట పడవలు పోత పొయ్యడానికి అచ్చు కావాలట. దీనికి మైనం రాసి, పైన ఫైబరు గ్లాసు గుడ్డా రెజిన్ జిగురూ వేసి, గట్టిపడ్డాక అచ్చు ఊడదీస్తారు. "మరి లోపలిది?" అన్నాను. "లాగేటప్పుడు ముక్కలవుతుంది. అచ్చు వచ్చాక లోపలిదానితో పనేముంది?" అన్నాడు. ఇది అమ్మకానికి కాదండీ, దీని జంట వేరే ఊళ్ళో ఉంది అని నవ్వి ఊరుకున్నాను.

నీదానికి పైన వెయ్యడానికి గ్లాసు గుడ్డ ఇక్కణ్ణుంచి పంపనా? అక్కడ దొరికేది గోనెపట్టాలా ఉంటుంది.

చిన్నమేస్త్రి


మార్చి 16

గాలిపటానికి,

పలకలు కొట్టడం అయింది. చిత్రిక కూడా పట్టాను. కళ్ళు మూసుకుని నిమిరినా ఎక్కడా చేతికి తగలడం లేదు. నువ్వు చూస్తే ఏడుస్తావు, నీదానికి అంత నునుపు రాదు కాబట్టి.

గ్లాసు గుడ్డ పంపకు. రెజిన్ పని ఇప్పుడు చెయ్యను. షెడ్డు కొన్నాళ్ళు మూసేస్తున్నాను. ఎందుకని అడక్కు, అన్నీ కుదిరాక నేనే చెప్తాను. నీది నువ్వు కానివ్వు.

ఇక్కడంతా బాగానే ఉంది. వంట బావ చేస్తున్నాడు. ఏది వండినా ఒకటే రంగు. నూనె కాగే వాసన పడక నేను వాకిట్లో కుర్చీ వేసుకుంటున్నాను. వెనక గదికి సున్నం వేయించాడు. లాంచీ ఇంజను విడిభాగాలు పెట్టుకోవడానికి చోటు లేదంటే షెడ్డులో ఒక మూల పెట్టుకోమన్నాను.

ఒంట్లో జాగ్రత్త. ఆ జిగురు చేతులతో కళ్ళు నలుపుకోకు.

అక్క


మార్చి 29

అక్కా,

'ఎందుకని అడక్కు' అని రాస్తే నేను అడక్కుండా ఉంటానని నిజంగా అనుకున్నావా?

బావ వద్దన్నాడా? అదొక్కటీ చెప్పు. పెళ్ళి చూపుల్లోనే 'నాకు ఉలి పట్టే పెళ్ళామే కావాలి' అన్న మనిషి, ఇప్పుడు షెడ్డులో ఇంజను సామాను పేర్చి, తను వండిపెట్టి, నిన్ను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టాడా? నువ్వు కూర్చోగా నేను చూసింది స్టూడియోలో ఫోటో తీయించుకున్నప్పుడే. అప్పుడు కూడా కుర్చీ కాలు కదులుతోందని లేచి మేకు కొట్టావు.

ఎదురింటి గోడ అవతల ఒకావిడ ఉంది. హార్మోనియం వాయించేదట. పెళ్ళయ్యాక ఆయన వద్దనలేదు, ఎప్పుడూ వద్దనలేదట, 'కాస్త పక్కన పెడదాం' అన్నాడంతే. ఆ పెట్టె మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పెడుతున్నారు. కిటికీలోంచి నాకు రోజూ కనబడుతుంది. ఇంజను సామాను అనగానే నాకు ఆ పెట్టె గుర్తొచ్చింది.

నా కుడిది దాదాపు అయింది. మేస్త్రి పెదవి విరవడం మానేశాడు. అక్టోబరు అక్టోబరే కదా? ఉందనో లేదనో ఒక్క ముక్క రాయి.

నీ చెల్లి


ఏప్రిల్ 20

ఏమే,

బావని ఏమీ అనకు. ఆయన గురించి నీకు తెలిసింది ఎంత? నాకున్న ఒక్క మనిషి.

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే నవ్వకు. పగలంతా పడుకునే ఉంటున్నాను ఈ మధ్య. కిటికీ లోంచి రేవు కనబడుతుంది, లాంచీ కూత వినబడుతుంది, కాలక్షేపానికి లోటు లేదు.

అక్టోబరు మాట వదిలెయ్. వచ్చే ఏడు చూద్దాం, లేకపోతే ఆ పై ఏడు. పడవలు ఎక్కడికీ పోవు. కొన్ని పనులు మొదలుపెట్టేటప్పుడే ఎవరికీ చెప్పకూడదని నాకో భయం, నీకు అర్థం కాదులే. నన్ను కొన్నాళ్ళు ఏమీ అడక్కు. కబుర్లు రాయి. ఆ సైకిల్ షాపాయన సంగతులు రాయి, చదువుకుని నవ్వుకుంటాను.

అక్క


మే 5

అక్కయ్యకి,

నవ్వుకోవడానికి కబురు అడిగావు. ఇదిగో.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఓనరు దగ్గరికి వెళ్ళి కుడిది ఇచ్చేశాను. మైనం రాసింది నేనే. గ్లాసు గుడ్డ వేసింది వాళ్ళు. మొన్న అచ్చు లాగారు. మేస్త్రి వద్దన్నాడు, "రెండు రోజులు ఆగమ్మా, కోపంలో ఉన్నావు" అన్నాడు. ఆగలేదు. పలకలు విరిగే చప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలుసు, నేను రాయక్కర్లేదు. ముక్కలు బాయిలరు దగ్గర పేర్చారు.

నేను చిన్నపిల్లని కాను. పగలంతా పడుకుని, కిటికీలోంచి లాంచీ చూస్తూ, 'పడవలు ఎక్కడికీ పోవు' అని రాసేదానివి నువ్వు కాదు. ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు. చేతకాకపోతే కాదని చెప్పొచ్చు. ఏదో పెద్ద రహస్యంలా, భయమట, నాకు అర్థం కాదట! నాకు బాగానే అర్థమైంది. బడిపిల్లల పడవ సగంలో వదిలేశావు. డాక్టరుగారి పడవ సగంలో వదిలేశావు. అప్పుడూ ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు మనది. మొదలుపెట్టింది ఏదీ నీ చేతుల్లో పూర్తి కాదు. నీ ఎడమదాన్ని ఇక ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

ఉంటాను.


జూన్ 12

అక్కా,

నెల దాటింది. ఒక్క ముక్కా లేదు.

నేను రాసింది ఎక్కువైందని తెలుసు. పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి చూశాను, అందలేదు. సైకిల్ షాపాయన చూసి, "ఏం పడిపోయిందమ్మా?" అన్నాడు.

అచ్చులోంచి మొదటి పడవ వచ్చింది. ఎర్రగా, నున్నగా, బకెట్టులా ఉంది. ఓనరు నా భుజం తట్టాడు. స్కేలు మాస్టారు మాత్రం మధ్యాహ్నం అన్నం క్యారియరు మూత పెట్టేస్తూ, "మీ అక్కయ్య ఏమంది?" అన్నారు. ఏమీ అనలేదన్నాను. "అనకపోవడమే ఎక్కువ" అన్నారు.

తిట్టు. తిడుతూ అయినా రాయి. రేవు ఆఫీసుకి ఫోన్ చేస్తే బావ నా గొంతు విని, నువ్వు మాట్లాడలేవని చెప్పి పెట్టేశాడు. ఎప్పుడూ జోకు లేకుండా మాట్లాడని మనిషి.

చెల్లి


జూలై 30

చెల్లీ,

నీ మే నెల ఉత్తరం కూడా బావే ముందు చదివాడు. చదివి దాచేశాడు. విడిచిన చొక్కా నా మంచం మీద వేస్తే జేబులో గట్టిగా తగిలింది, నేనే తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సింది.

నాకిప్పుడు ఏడో నెల.

డాక్టరమ్మ రెజిన్ వాసన దగ్గరికి పోవద్దంది, వంగవద్దంది, ఏప్రిల్ నుంచి మంచం దిగవద్దంది. అందుకే షెడ్డు మూశాను. అందుకే బావ వండాడు. ఇంజను సామాను పెట్టుకోమన్నది నేను, ఊరికే షెడ్డుకి తాళం వేసి ఉంటే నాకే తోచడం లేదని.

బడిపిల్లల పడవ వదిలేసినప్పుడు మూడో నెల. డాక్టరుగారి పడవ వదిలేసినప్పుడు ఐదో నెల, అప్పుడు పసివాడి మొహం కూడా చూశాను. నువ్వు హాస్టల్లో పరీక్షలకి చదువుకుంటున్నావు. చెబితే చదువు వదిలేసి వచ్చేస్తావని చెప్పలేదు. తర్వాత చెబుదాం చెబుదామనుకుంటూ దాటేశాను. ఆ రెండు పడవలూ వేరేవాళ్ళు పూర్తిచేశారు. రోజూ ఈ కిటికీ ముందునుంచే పోతాయి. ఒకదానికి నీలం రంగు వేశారు.

ఈసారి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, చెబితే నిలవదని. బావ నీకు రాద్దామని ఎన్నిసార్లు అన్నాడో. నేనే ఒట్టు వేయించుకున్నాను. తప్పు నాది కాదనను. కానీ నువ్వు రాసిన మాట, మొదలుపెట్టింది ఏదీ నా చేతుల్లో పూర్తి కాదని, అది నేను నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్న మాట. నా తల లోపల ఉండేది. నీ చేతిరాతలో చూసేసరికి నిజమేననిపించింది.

ఇంక రాయలేను. నడుము లాగుతోంది.

అక్క


ఆగస్టు 9

అక్కా,

నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. అన్నీ 'నాకు తెలియదు' అనే మొదలవుతున్నాయి. తెలియదు నిజమే. తెలుసుకోవాలని కూడా చూడలేదు. గోడ అవతలావిడ పెట్టె మీది ఇస్త్రీ బట్టలు కూడా లెక్కపెట్టాను గానీ, నువ్వు వాకిట్లో ఎందుకు కూర్చున్నావో ఆలోచించలేదు. నూనె వాసన పడటం లేదని ఎంత స్పష్టంగా రాశావు! ఎదురింటివాళ్ళ గురించయితే వెంటనే కనిపెట్టేదాన్ని.

రైలెక్కి వచ్చేద్దామనుకున్నాను. బావకి ఫోన్ చేశాను. "ఇప్పుడొద్దమ్మా, నిన్ను చూస్తే ఏడుస్తుంది, ఏడవకూడదంది డాక్టరమ్మ" అన్నాడు. వెనక జనం వింటున్నారని గొంతు తగ్గించాడు పాపం.

నేనొక పని చేశాను, వద్దనకు. అచ్చు ఇంకా ఉంది కదా. అది నా కుడిదాని ఒంటి మీద తీసిందే. ఓనరుని ఒప్పించాను, దానిలోంచి ఒకటి నాకు తీసి ఇస్తానన్నాడు. మేస్త్రి బరువు లెక్క చూశాడు, నీ చెక్క పడవకి సరిపోయేలా గుడ్డ ఒక పొర తగ్గిద్దామన్నాడు. అడ్డదూలాలకి తాడే కడదాం, బోల్టుల బొమ్మ చెరిపేసి కొత్తగా గీశాను. వచ్చే ఏడు, ఆ పై ఏడు, నువ్వెప్పుడంటే అప్పుడు. ఎడమదాన్ని వానకి తడవకుండా కప్పి ఉంచమని బావకి చెప్పు. అదొక్కటి ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

నువ్వు ఏమీ రాయక్కర్లేదు. పడుకో.

గాలిపటం


సెప్టెంబరు 21

ఏమే,

పాప పుట్టింది. నెల ముందే వచ్చేసింది, ఆగలేకపోవడం నీ పోలిక. చాలా చిన్నది. ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు, ఇప్పుడు ఇంటికొచ్చాం. ఏడిస్తే పిల్లి కూన అనుకుంటారు. పాలు తాగుతోంది. బావ లాంచీ నడుపుతూ ప్రయాణికులందరికీ ఇదే చెప్పాడట, దిగాల్సినవాళ్ళు రెండు రేవులు దాటిపోయారు.

నీ ఆగస్టు ఉత్తరానికి జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. ఎడమది లేదు.

నీ మే నెల ఉత్తరం జేబులో దొరికిన రోజు బావని పిలిచి కోసెయ్యమన్నాను. ఆయన వినలేదు. బతిమాలాడు, తిట్టాడు, రంపం పోయిందన్నాడు. నువ్వు కొయ్యకపోతే నేనే లేచి కోస్తానని కాళ్ళు కిందపెట్టేసరికి భయపడి వెళ్ళాడు. షెడ్డు ఈ గది పక్కనే కదా. మొత్తం విన్నాను. ఆయనకి రంపం పట్టడం రాదు. మధ్యలో ఇరుక్కుపోతుంటే ఎలా లాగాలో ఇక్కణ్ణుంచి కేకలేసి చెప్పింది కూడా నేనే. మూడు ముక్కలు. వాటిని ఏం చేశాడో నేనడగలేదు. ముక్కు ముక్క మాత్రం రేవు ఆఫీసు ముందు మొక్కలకి తొట్టి అయిందని కూరగాయలావిడ చెప్పింది, భలే పనికొచ్చిందని మెచ్చుకుంది.

జూలైలోనే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. అన్నీ నువ్వే చేశావని నువ్వనుకుంటుంటే, నిజం చెప్పాలంటే, నాకు కాస్త హాయిగా ఉంది. నీ ఆగస్టు ఉత్తరంలో 'ఎడమదాన్ని కప్పి ఉంచు' అన్న చోట ఆగిపోయాను.

ఆ అచ్చులోంచి ఏమీ తీయించకు. జత లేదు.

అక్క


సెప్టెంబరు 30

అక్కా,

పాప సంగతి ముందు చదివి కింద సైకిల్ షాపాయనకి అరిచి చెప్పాను. ఆయన పంపు వదిలేసి చేతులు తుడుచుకుని, "తల్లీ పిల్లా క్షేమమా?" అన్నాడు. క్షేమమన్నాను. మెట్లు ఎక్కుతూ మిగతాది చదివాను. ఎన్నో మెట్టు మీద కూర్చుండిపోయానో తెలియదు. చీకటిపడేలోగా ఆయనే వచ్చి లేపాడు, దారికి అడ్డం ఉన్నానని.

బావకి రంపం ఎలా లాగాలో నువ్వు మంచం మీంచి కేకలేసి చెప్పాల్సి వచ్చింది. నేను నీచేత ఆ పని చేయించాను. నువ్వు పొడిగా నవ్వుతూ రాసినా నాకు వినబడింది.

అచ్చు వద్దని చెప్పేశాను. ఇప్పటికే దానిలోంచి చాలా పడవలు వెళ్ళాయి. ఒక్కోటి బయటికి వస్తుంటే దానిలో నీ ఫర్మా గీత కనబడుతుంది, ముక్కు దగ్గర నువ్వు ఆకురాయితో కొంచెం ఎక్కువ అరగదీసిన చోటు. అది తప్పని నేనన్నాను, అందమని నువ్వన్నావు. అందమే. ఎవరెవరి నీళ్ళలోనో తిరుగుతుంది. ఆ పడవల్లో ఒక్కదానిలోనూ మనం ఉండం.

ఇవాళ పొద్దున సముద్రం దగ్గరికి వెళ్ళాను. కెరటం లేదు. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోలేక వచ్చేశాను.

పాపని చూడాలని ఉంది. కానీ నువ్వు పిలవలేదు. అడగనా వద్దా అని ఆలోచించి అడుగుతున్నాను. నా మీద కోపం పోయిందా? పోయిందని రాస్తే ఆ రోజే బయల్దేరతాను. పోకపోతే పోయేదాకా ఆగుతాను, ఎన్నాళ్ళయినా. ఆగడం నాకు రాదని తెలుసు. నేర్చుకుంటాను.

నీ చెల్లి


అక్టోబరు 8

ఏమే,

ఎడమ చేత్తో పాపనెత్తుకుని కుడి చేత్తో రాస్తున్నాను. మధ్యలో గీతలు వస్తే అవి దానివి.

కాస్త ఒళ్ళు చేసింది. గోళ్ళు ఎంత సన్నగా ఉన్నాయో, కత్తిరించడానికి నాకు ధైర్యం చాలడం లేదు. నాకు! బాడిత పట్టుకుని దుంగ మీద నిలబడినదాన్ని. బావ అసలు దగ్గరికే రావడం లేదు, దూరం నుంచి దానికి లాంచీ కూత వినిపిస్తాడు. అది ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఇద్దరూ అలా స్నేహం చేసుకుంటున్నారు.

కోపం పోయిందా అని అడిగావు. పోలేదు. పాలిస్తున్నంతసేపూ పోయినట్టే ఉంటుంది. ఇది నిద్రపోగానే, ఇల్లు నిశ్శబ్దమవగానే మళ్ళీ వస్తుంది. నీ మీద వస్తుంది, ఆ వెంటనే నా మీద. ముందే ఒక్క ముక్క రాసి ఉంటే రెండు పడవలూ ఉండేవి. అది కూడా నువ్వు అడిగేదాకా నేను నాకు చెప్పుకోలేదు. పోయిందని అబద్ధం రాసి పిలవొచ్చు. కానీ ఇన్నాళ్ళూ దాచిపెట్టి రాసినందుకే ఇంత అయింది.

పోయేదాకా ఆగుతానన్నావు. దాని కోసం ఆగితే ఇది నడక నేర్చేస్తుంది.

కోపం ఉండగానే రా.

అక్క